ఒక్క అంగుళం కూడా వదలకుండా

రేడియో క్లబ్బు సంచికకు ఏదైనా అనుభవం రాయమని పిల్లలు అడిగారు. ఇంతకుముందు ఒకసారి ఇలాగే అడిగితే ఎనిమిది పేజీలు రాసిచ్చాను. అందులో ఏడున్నర తీసేసి, మిగిలిన అర పేజీ కింద నా పేరుకు బదులు 'ల్యాబ్ సిబ్బంది' అని వేశారు. ఆ సంచిక ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందుకని ఈసారి ముందే చెబుతున్నాను. ఒక్క వాక్యం తీసేసినా మొత్తం నాకు వెనక్కి ఇచ్చెయ్యాలి. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. రాస్తే అనవసరంగా వాళ్లకు పేరొస్తుంది.

నరసరావుపేటలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ముప్ఫై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. పెద్ద చదువులు చదివిన వాళ్లు తప్పుగా కలిపిన సర్క్యూట్లను సరిచేసి కలపడం నా పని. సరిచేశాక, 'చూశారా, నేను చెప్పలా' అని పిల్లలతో అనడం వాళ్ల పని.

నాకు ఫిర్యాదులు రాసే అలవాటుందని కాలేజీలో చెప్పుకునేవారు. అది అలవాటు కాదు, అవసరం. స్టాఫ్ రూములో తిరిగే ఫ్యాను ల్యాబులో ఎందుకు తిరగదు? టీ ఫ్లాస్కు మూడంతస్తులూ తిరిగి అడుగున మడ్డి మిగిలాకే మా గుమ్మంలోకి ఎందుకొస్తుంది? ఇవి అడగకపోతే ఎవరడుగుతారు? ప్రతి ఉత్తరానికీ మూడు కాపీలు. ఒకటి ప్రిన్సిపాల్‌కి, ఒకటి ఎస్టేట్ ఆఫీసర్‌కి, ఒకటి నా ఫైలుకి. ఎస్టేట్ ఆఫీసరంటే కాలేజీలో గోడలు, కుళాయిలు, రంగులు చూసే ఆయన. నా ఫైల్లోది తప్ప మిగతా రెండు కాపీలూ ఎవరైనా చదివారన్న దాఖలా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా క్లబ్బుకి కొండ మీద ఒక రిపీటర్ ఉండేది. నరసరావుపేటలో కొండ అంటే ఏ కొండో ఎవరూ అడగరు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చిన పిల్లల కోసం చెబుతాను. చేతిలో పట్టుకునే సెట్టు మాట మహా అయితే రెండు మూడు కిలోమీటర్లు పోతుంది. మధ్యలో ఏ గుట్టో అడ్డొస్తే అదీ లేదు. అందుకని ఎత్తైన చోట ఒక పెద్ద సెట్టు పెడతాం. అది కింద నుంచి వచ్చిన సన్నటి మాట విని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీ మీద పెద్ద గొంతుతో అందరికీ చెబుతుంది. ఒక చెవి, ఒక నోరు, రెండింటికీ కలిపి పైన ఒకటే యాంటెన్నా. విన్నది విన్నట్టు చెప్పడం తప్ప సొంత కవిత్వం ఉండదు. ఆ గుణం ముప్ఫై ఏళ్లలో ఏ మనిషిలోనూ నేను చూడలేదు.

ఆ రిపీటర్‌ని నా చేత్తో పెట్టాను. కొండ మీద చిన్న గది, గది పక్కన ముప్ఫై అడుగుల ఇనప స్తంభం, స్తంభం కొసన ఎనిమిదడుగుల తెల్లటి ఫైబర్ గొట్టం. ఆ గొట్టం లోపల ఉండేదే యాంటెన్నా. ఇటు చిలకలూరిపేట, అటు వినుకొండ దాకా మాట కళ్లకద్దుకునేట్టు వచ్చేది. బెల్లంకొండలో ఒక రిటైరైన మాస్టారు రోజూ పొద్దున్న ఆరున్నరకి రిపీటర్ మీదకొచ్చి నన్ను పలకరించి, మిరప చేను ఎలా ఉందో చెప్పి వెళ్లేవాడు.

నేను రిటైరవడానికి మూడు నెలలుందనగా, శివరాత్రి ముందు, ఒక రోజు మాస్టారు రాలేదు. రెండో రోజూ రాలేదు. అంతకుముందు వారమే ఆయన మిరప ధర గురించి చెబుతుంటే, బ్యాటరీ అయిపోతోందని నేను మధ్యలో ఆపాను. దానికి అలిగాడనుకున్నాను. ఆయనకి అంతుంటే నాకూ అంతుందని మూడు రోజులు నేనూ పిలవలేదు. నాలుగో రోజు వినుకొండ కూడా రాలేదు. ఊరు మొత్తం అలగదు గదా. అప్పుడు అనుమానం వచ్చింది. సెట్టు పట్టుకుని తిరిగి చూస్తే, కొండ కింద బాగానే ఉంది గానీ, ఊరి పొలిమేర దాటితే గరగర తప్ప ఏమీ లేదు.

రోజులు మంచివి కావు. శివరాత్రి తిరునాళ్లకి రెండు వారాలుంది. ఆ రోజు కొండకొచ్చే జనానికి లెక్కుండదు. పొలాల్లో పార్కింగులు, ఊరూరి నుంచి ఊరేగింపుగా వచ్చే ఎత్తైన ప్రభలు, ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. మధ్యాహ్నానికల్లా ఫోన్లు మొరాయిస్తాయి. తప్పిపోయిన వాళ్ల సంగతి ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేసే పని మా క్లబ్బుది. ముందటేడు చేశాం. ఈ ఏడు కొత్త సీఐ గారొచ్చారు. ముందు పరీక్ష పెడతానని, నిలబడితేనే ఒప్పుకుంటానని అన్నారు.

అప్పటికి మా డిపార్ట్‌మెంట్‌లో మాచర్ల నుంచి ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడమ్ చేరి ఏడాదైంది. చేరిన మొదటి రోజే నన్ను పిల్లలందరి ముందూ 'బాబాయ్' అని పిలిచింది. నిన్నగాక మొన్న చేరిన కుర్రాళ్లు సార్లు, ముప్ఫై ఏళ్ల నుంచి ఉన్నవాణ్ణి నేను బాబాయ్. తారీఖుతో సహా డైరీలో రాసుకున్నాను. అమ్మాయి చెడ్డది కాదు. రేడియో లైసెన్సు పరీక్ష పాసైంది, చేత్తో సోల్డరింగ్ చేస్తుంది. కానీ మాస్టారు మాయమైన వారంలోనే ఆమె నన్నడక్కుండా కొండెక్కి డూప్లెక్సర్ మీద చెయ్యేసింది. చెవికీ నోటికీ మధ్య అడ్డుగోడలా నిలబడే ఆరు డబ్బాల సరంజామాని డూప్లెక్సర్ అంటారు. నోరు పెట్టే కేక చెవిని చెవుడు చెయ్యకుండా అది కాపాడుతుంది. దుమ్ము తుడిచానంతేనని ఆమె చెప్పింది. నేను నమ్మలేదు. ఆమే పాడుచేసిందని తేల్చుకుని రెండు రోజులు కూర్చుని డబ్బాలు ఆరూ మళ్లీ ట్యూన్ చేశాను. అవి ముందు ఎలా ఉన్నాయో తర్వాతా అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత కొత్తగా లేచిన సెల్ టవర్ మీద పడ్డాను. దానికొక ఉత్తరం. ఆ తర్వాత సున్నపు బట్టీల దుమ్ము గాలికొచ్చి కనెక్టర్లలో చేరిందేమోనని వాటిని విప్పి, తుడిచి, కొత్త టేపు చుట్టాను. దుమ్ము ఉందిగానీ అది ఎప్పుడూ ఉండేదే. దాని మీదా ఒక ఉత్తరం రాశాను. ఎవరికి పంపాలో తెలియక ఫైల్లో పెట్టాను.

ఇన్ని చోట్ల వెతికాను గానీ స్తంభం వైపు మాత్రం అనుమానంతో చూడలేదు. చూసినప్పుడల్లా సంతోషంతోనే చూశాను. దానికో కారణముంది. ముందటేడు తిరునాళ్లకి స్తంభానికి సిల్వర్ రంగు వేయించమని రాస్తే, మనిషి చెయ్యి అందినంత మేరే వేసి వదిలేశారు. లాగు తొడుక్కుని చొక్కా మరిచిపోయిన మనిషిలా ఉండేది. దాని మీద ఏడాది పొడుగునా రాశాను. ఈ ఏడు ఎట్టకేలకు మొత్తం వేయించారు. నా సర్వీసులో ఒక ఫిర్యాదు పూర్తిగా నెరవేరడం అదే మొదలు. ఎండలో మిలమిలా మెరుస్తున్న స్తంభాన్ని ఫోటో తీసుకుని, నా ఉత్తరాలు చూసి నవ్విన వాళ్లందరికీ స్టాఫ్ రూములో వరసగా చూపించాను. ఫ్లాస్కు తెచ్చే ఆయనక్కూడా చూపించాను.

తిరునాళ్లకి రెండు రోజుల ముందు పరీక్ష. నేను కొండ మీద గదిలో, మేడమ్ చిలకలూరిపేట రోడ్డు పక్క పార్కింగ్ పొలంలో సెట్టు పట్టుకుని, ఆమె పక్కన సీఐ గారు. నేను పిలుస్తూనే ఉన్నాను. అటు నుంచి గరగర, మధ్యలో ఒక ముక్క, మళ్లీ గరగర. చివరికి మేడమ్ ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. సీఐ గారి గొంతు మాత్రం స్పష్టంగా వినపడింది.

"కొండెక్కి కేకేసినా ఇంతకన్నా దూరం వినపడుద్ది గదయ్యా. ఈ మాత్రానికి కరెంటెందుకు?"

ఈ మాట డైరీలో విడిగా ఒక పేజీలో ఉంది.

సాయంత్రం ప్రిన్సిపాల్ పిలిచారు. రేపు సాయంత్రానికి రిపీటర్ బాగవకపోతే తిరునాళ్లకి క్లబ్బు పోవడం లేదని, రిపీటర్ తాళాలు మేడమ్‌కి ఇచ్చెయ్యమని, మిగిలిన మూడు నెలలూ నన్ను స్టోర్స్‌లో కూర్చోమని చెప్పారు. స్టోర్స్ అంటే విరిగిన బెంచీలు పెట్టే గది. నేను పెట్టిన రిపీటర్‌ని ఇంకొకరికి అప్పజెప్పి, విరిగిన బెంచీల మధ్య రిటైరవడం. ఆ పూట ఇంటికెళ్లి భోజనం చెయ్యలేదు. మా ఆవిడ ఏమైందని అడగలేదు. దాన్నీ రాసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మేడమూ నేనూ కలిసి కొండెక్కాం. ఆమె తన సొంత మీటరు తెచ్చింది. సెట్టు నుంచి యాంటెన్నాకి ఎంత పవర్ పోతోందో, అందులో ఎంత తిరిగొస్తోందో చెప్పే మీటరది. మంచి యాంటెన్నా పంపినదంతా గాలిలోకి వదిలేస్తుంది. పాడైనది సగం వెనక్కి తోసేస్తుంది. అలా వెనక్కి వస్తే సెట్టు తన ప్రాణం కాపాడుకోడానికి గొంతు తగ్గించుకుంటుంది. మీటరు చూస్తే సగానికి సగం వెనక్కొస్తోంది.

యాంటెన్నాలోనే ఉందని మేడమ్ అంది. ఆ యాంటెన్నా పెట్టింది నేనని, దానికేమీ కాలేదని, మీ మీటరే తప్పని నేనన్నాను. ఈ మాట మూడు రకాలుగా చెప్పాను.

"మీటరుకి మీ మీద కోపమేముంటది బాబాయ్?" అందామె.

మీటరు నా చేత్తో మళ్లీ పెట్టి చూశాను. అదే సగం.

సరే, యాంటెన్నా దించి చూద్దామన్నాం గానీ ఎక్కేదెవరు? నా మోకాళ్లు నా మాట వినడం మానేసి అప్పటికే రెండేళ్లయింది. మేడమ్ ఎక్కుతానంటే నేను ఒప్పుకోలేదు. ఆ సమయానికి అక్కడ మా గది తలుపుకి రంగు వేస్తున్న పెయింటర్ బ్రష్ డబ్బాలో పెట్టి లేచాడు. అచ్చంపేట వైపు మనిషి. నలభై ఏళ్లుంటాయి.

"నేనెక్కుతా సారూ. మొన్న ఎక్కిందేగా," అన్నాడు.

సారూ. ముందు ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మేడమ్ కూడా విన్నదా లేదా అని ఆమె వైపు చూశాను. తర్వాతి మాట చెవిలోంచి లోపలికి చేరడానికి కొంచెం టైం పట్టింది.

"మొన్న ఎందుకెక్కావు?"

"రంగెయ్యడానికి సారూ. కొస దాకా."

"కొస దాకా అంటే?"

"కొస దాకా అంటే కొస దాకానే. ఇనప బొంగు అయిపోయినాక పైన తెల్ల గొట్టం ఉందే, అదొక్కటే బోసిగా కనపడతా ఉంది. ముందు రెడ్ ఆక్సైడ్ ఒక కోటింగు, దాని మీద సిల్వరు రెండు. గాలికి ఊగుద్ది గదా, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో ఏశా. చానా కష్టమైంది."

తల పైకెత్తి చూశాను. కింద నుంచి పైదాకా స్తంభం ఒకటే మెరుపు. ఎక్కడ ఇనుము అయిపోయిందో, ఎక్కడ గొట్టం మొదలైందో తెలియడం లేదు. రెండు వారాలుగా రోజూ చూసి మురిసిపోయింది దీన్నే.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఫైబర్ గొట్టంలోంచి రేడియో తరంగం, అద్దంలోంచి వెలుతురు పోయినట్టు పోతుంది. సిల్వర్ రంగంటే అల్యూమినియం పొడి. అది రెండు కోటింగులు వేస్తే అద్దానికి రేకు తాపినట్టే. లోపల యాంటెన్నా పాపం నోటికి గుడ్డ కట్టిన మనిషిలా అరుస్తోంది.

"ఈ గొట్టానిక్కూడా వెయ్యమని ఎవరు చెప్పారన్నా?" అని మేడమ్ పెయింటర్‌ని అడిగింది.

అతను చొక్కా జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన జిరాక్స్ కాగితం. ఎస్టేట్ ఆఫీసర్ గారు ఇచ్చి, ఇందులో ఎలా ఉంటే అలా చెయ్యమన్నారని చెప్పాడు. మేడమ్ విప్పి పైకి చదివింది. "'స్తంభము మొదలు నుండి కొస వరకు, తుప్పు పట్టినదీ పట్టనిదీ అని చూడకుండా, ఒక్క అంగుళం కూడా వదలకుండా రంగు వేయించవలసినదిగా, గతసారి వలె చేయి అందిన మేర వేసి చేతులు దులుపుకొనరాదనియు...'"

అక్కడిదాకా చదివి సంతకం చూసి ఆపేసింది. 'ఒక్క అంగుళం' కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలున్నాయి. ఆ గీతలు కూడా నావే.

మేడమ్ నవ్వలేదు. నవ్వి ఉంటే కోప్పడేవాణ్ణి. నవ్వకుండా కాగితం జాగ్రత్తగా మడతపెట్టి అతనికిచ్చింది. ఆ మడతపెట్టడం నాకు బాగా గుర్తుంది.

"నాకు చదువు రాదు సారూ. మా ఆవిడ చేత రెండుసార్లు చదివించుకున్నా," అన్నాడు పెయింటర్. "ఈ రాసినాయన పట్టుదల మనిషిలే, ఒక్క అంగుళం వదిల్నా ఊరుకోడు, బాగా ఎయ్యి అన్నది."

ముప్ఫై ఏళ్లలో నా ఉత్తరం రెండుసార్లు చదివిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

ఇక దించి రంగు తీసెయ్యమన్నాను. అతను కదల్లేదు.

"తీసేస్తా. కానీ రాసియ్యండి సారూ."

"ఏంది రాసిచ్చేది?"

"తీసెయ్యమని. రేపు బోసిగా ఉందని మీరే మళ్లా కాయితం పెడతారు. అప్పుడు నేనెవరికి చెప్పుకోవాల?"

మేడమ్ పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. ఆ జిరాక్స్ వెనకవైపే రాశాను. 'పెయింటర్ గారికి. స్తంభం కొసన ఉన్న గొట్టానికి వేసిన రంగు తీసివేయగలరు.' సంతకం పెట్టి ఇస్తే, మేడమ్ చేత చదివించుకుని మళ్లీ నాకే ఇచ్చాడు. ఎవరి వల్ల అట్టా అయిందో కూడా రాయమన్నాడు. తర్వాత ఆఫీసువాళ్లు అడిగితే తన మీదకొస్తుందట. అతను అడిగిన దాంట్లో తప్పేమీ కనపడలేదు. అతని స్థానంలో నేనుంటే నేనూ అదే అడిగేవాణ్ణి. ఇంకా మూడు కాపీలు అడిగేవాణ్ణి. సంతకం పక్కన, కొంచెం చిన్న అక్షరాలతో, 'ఇది నా వల్ల జరిగినది' అని రాశాను.

అప్పుడెక్కాడు. రెండు క్లాంపులు విప్పి, గొట్టాన్ని తాడు కట్టి దించాడు. రెండు కుర్చీల మీద పడుకోబెట్టి ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. థిన్నర్లో ముంచిన గుడ్డతో రుద్దడం, గొట్టం దెబ్బ తినకుండా వెంటనే పొడి గుడ్డతో తుడవడం. సిల్వర్ పోయి ఎరుపు, ఎరుపు పోయి తెలుపు. పెయింటర్ రుద్దుతూ, తాను వేసిన రంగు ఎంత గట్టిగా పట్టిందో చూడమని మాకు చెబుతూనే ఉన్నాడు. నిజంగానే గట్టిగా పట్టింది. అంత బాగా చేసిన పని పాడుచెయ్యడం నాకే బాధనిపించింది. మధ్యాహ్నం రెండింటికి గొట్టం తెల్లగా బయటపడింది. మళ్లీ ఎక్కించాం. మేడమ్ మీటరు పెట్టింది. వెనక్కొచ్చేది దాదాపు ఏమీ లేదు. ఆమె మీటరు నా వైపు తిప్పి పెట్టి, సెట్టు తీసుకుని కొండ దిగింది.

నాలుగింటికి పార్కింగ్ పొలం నుంచి పిలుపొచ్చింది. మేడమ్ ముందు పద్ధతి ప్రకారం కాల్ సైన్లు, అంటే లైసెన్సులో ఇచ్చిన గుర్తు పేర్లు చెప్పి, తర్వాత అంది. "కొండ మీద బాబాయ్ గారూ, గొంతు గంట కొట్టినట్టుంది."

వెనక నుంచి సీఐ గారి గొంతు వినపడింది. "బాబాయ్‌ని ఇక కిందకి రమ్మనమ్మా, పొద్దున్నుంచి తిన్నాడో లేదో." ఆయన నాకన్నా ఆర్నెల్లే చిన్న. తర్వాత కనుక్కున్నాను.

నేను జవాబు చెప్పేలోపే ఇంకో గొంతు మధ్యలో దూరింది. బెల్లంకొండ మాస్టారు.

"ఏందయ్యా, రెండు వారాల నుంచి పిలుస్తున్నా, పలకవేంది? మిరప ధర చెప్పానని అలిగావా?"

అలగలేదని చెప్పాను. మీరే అలిగారనుకున్నానని చెప్పలేదు. ఆయన కూడా నాలుగు రోజులు పిలిచి, ఆ తర్వాత అభిమానం అడ్డొచ్చి మూడు రోజులు మానేసి, మళ్లీ మొదలుపెట్టాడట. ఆ రోజు మిరప ధర మొత్తం విన్నాను. ఎర్ర కాయ, తాలు కాయ, కోల్డ్ స్టోరేజీ, అన్నీ.

తిరునాళ్ల రోజు మేడమ్ నన్ను కొండ కింద, తప్పిపోయిన వాళ్ల టెంటులో కూర్చోబెట్టింది. అంటే పొద్దున్నుంచి ఫిర్యాదులు వినే కుర్చీలో. ఒకామె వచ్చి మొగుడు తప్పిపోయాడని, తనకి ముందే తెలుసునని, పెళ్లైనప్పటి నుంచీ అంతేనని చెప్పింది. గళ్ల లుంగీ, ఎడమ చెవి కొంచెం చిన్నది అని సెట్టులో చెప్పాను. పది నిమిషాల్లో మెట్ల దగ్గర దొరికాడు. టెంటులోకి రాగానే, తప్పిపోయింది నేను కాదు, ఇదే తప్పిపోయింది, రాసుకోండి అన్నాడు. ఇద్దరివీ రాసుకున్నాను. ఫిర్యాదు రాసేవాడి పనికన్నా వినేవాడి పని కష్టమని ఆ రోజు అనుమానం కలిగింది. సాయంత్రానికి ఆ అనుమానం పోయింది. టెంటులోకి టీ అందరికన్నా చివర వచ్చింది.

రిపీటర్ తాళాలు నా సర్వీసు చివరి రోజు దాకా నా దగ్గరే ఉన్నాయి. ఆ రోజు సాయంత్రం నా అంతట నేనే మేడమ్‌కి ఇచ్చాను. తీసుకుంటూ, ఎప్పుడైనా రేంజి తగ్గితే ముందు ఎక్కడ చూడాలి బాబాయ్ అని అడిగింది. ఈ మధ్య ఏం మారిందో చూడమని చెప్పాను. అది ఎవరు అడిగితే మారిందో కూడా చూడమన్నాను. మీక్కూడా అదే చెబుతున్నాను.

వీడ్కోలు సభలో అందరికీ శాలువా కప్పుతారు. నాకూ కప్పారు. ఎస్టేట్ ఆఫీసర్ మాత్రం బరువైన ఫైలొకటి తెచ్చి చేతిలో పెట్టారు. ముప్ఫై ఏళ్ల నా ఉత్తరాలు, ఆయన కాపీలు. ఆయన దాచారని నాకు తెలియదు. ఇంటికెళ్లి తిరగేశాను. చిట్టచివర, పెయింటర్ ఆఫీసులో ఇచ్చిన ఆ జిరాక్స్ కాగితం ఉంది. థిన్నర్ వాసన ఇంకా పోలేదు. ఒకవైపు ఎర్ర గీతలు, ఇంకోవైపు పెయింటర్ గారికి నేను రాసింది. దాని కింద ఆఫీసు ముద్ర వేసి, ఆయన చేతిరాతతో ఇలా ఉంది. 'ఫిర్యాదుదారు పూర్తిగా తృప్తి చెందినందున ఈ ఫైలు మూసివేయడమైనది.'

తృప్తి చెందానో లేదో నన్ను ఒక్కరూ అడగలేదు. దాని మీద ఆ వారమే మూడు కాపీలు రాసి పంపాను. జవాబు ఇంకా రావాలి.